పొగాకు బ్యారన్ పక్కన టెలిస్కోపుకో డోమ్: నా అనుభవం

ఇంటి దగ్గర సొంతంగా అబ్జర్వేటరీ, అంటే టెలిస్కోపు బిగించి ఉంచే గది, కట్టుకుందామని వెతికితే దొరికే ప్లాన్లలో ఎక్కువ భాగం ఇంగ్లండు వాళ్లవో అమెరికా వాళ్లవో. గోడలు చెక్కవి, డోమ్ లోపలి పక్కటెముకలు ప్లైవుడ్డువి, మంచు పేరుకుంటే ఏం చేయాలో ఓ పేజీ. మా కందుకూరు పక్కన ప్లైవుడ్డు పెడితే రెండో వానాకాలానికి చెదపురుగులు తప్ప ఏమీ మిగలవు. దానికన్నా పెద్ద తేడా ఇంకోటుంది. వాళ్లుండేది 40, 50 డిగ్రీల అక్షాంశం మీద. మేముండేది 15 డిగ్రీల 13 నిమిషాల దగ్గర. మా ఊరి జిల్లా పేరు మారుతూ వచ్చింది: 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు, 2025 చివర్లో తిరిగి ప్రకాశం. ఆ గీతలు ఇంకెటు జరిగినా అక్షాంశం మాత్రం అదే. టెలిస్కోపు నిలిచే స్తంభం ఎక్కడ నిలబెట్టాలి, ఆకాశం కనపడేందుకు డోమ్‌కు చీలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, టెలిస్కోపును మోసి తిప్పే మౌంట్ ఎలా కూర్చోవాలి, అన్నీ ఆ అంకె దగ్గరికే వస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను. మన వైపు ఎవరైనా కట్టుకోవాలనుకుంటే ఆ ప్లాన్లలో ఏది ఉంచాలో ఏది మార్చాలో కొంత తెలుస్తుంది.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా టెలిస్కోపు ఎనిమిది అంగుళాల అద్దమున్న న్యూటోనియన్, గొట్టం నాలుగడుగుల పొడవు. దాన్నీ, మౌంట్‌నూ, ఎదురు బరువుల్నీ ఇంట్లోంచి మోసుకెళ్లి, ధ్రువ నక్షత్రానికి సరిచేసి, అద్దం చల్లబడేదాకా ఆగి, చూడటం మొదలుపెట్టేసరికి గంట దాటేది. మర్నాడు పొద్దున బడి ఉంటే ఆ గంట కోసమే బద్ధకించేదాన్ని. అన్నీ ఒకచోట బిగించి ఉంచితే కప్పు తెరిచి ఐదు నిమిషాల్లో కన్ను పెట్టొచ్చు. అంతకుమించి పెద్ద ఆశయం ఏమీ లేదు.

ఇళ్లలో ఎవరైనా అబ్జర్వేటరీలు కట్టుకుంటారా అని మా మేనమామ అడిగాడు. కట్టుకున్నారు. 1840లోనే విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు గారు సొంత స్థలంలో కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కణ్ణుంచే చూశారు. "వాళ్లు జమీందార్లమ్మా" అని తేల్చేశాడు మామయ్య. నిజమే. నాకున్నది నాన్న పొగాకు మానేశాక ఖాళీగా పడున్న బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే ఇటుక గది), దాని పక్కన నాలుగు సెంట్ల జాగా.

మొదట వచ్చిన ఆలోచన బ్యారన్ మీదే డోమ్ పెట్టేద్దామని. గోడలున్నాయి, ఎత్తుంది. కానీ బ్యారన్ గోడలు కట్టింది లోపలి వేడి బయటికి పోకుండా, ఆకు రంగు తిరిగి ఈనె ఎండేదాకా రోజుల తరబడి పట్టి ఉంచడానికి. టెలిస్కోపుకు కావాల్సింది దానికి పూర్తి విరుద్ధం. పగలంతా ఎండ తాగిన మందపాటి ఇటుక గోడ రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి అద్దం ముందు నుంచి లేస్తుంటే గురుడి మీది పట్టీలు నీళ్ల అడుగున ఉన్నట్టు వణుకుతాయి. పైగా స్తంభం నేల నుంచి అంతెత్తు లేపాలి. కాబట్టి బ్యారన్‌ను ఉన్నచోటే ఉంచి, దానికి తూర్పున కట్టాను. పడమటి ఆకాశంలో కింద కొంత భాగం దాని వెనక పోయింది. ఊరి వెలుగూ అటే కాబట్టి పెద్దగా బాధ లేదు. బ్యారన్‌కు కూలిపోయిన చూరు గోడ ఇటుకలే కొత్త గోడకు వాడాం.

జారే కప్పు పెట్టుకుంటే డోమ్ ఖర్చులో సగం కూడా కాదు, పని కూడా తేలిక. రేకుల కప్పును పట్టాల మీద పక్కకు తోసేస్తే ఆకాశమంతా ఒక్కసారే కనిపిస్తుంది. నలుగురు పిల్లలకు చూపించాలంటే అదే మేలు. నేను డోమ్ వైపు మొగ్గింది రెండు కారణాల వల్ల. సాయంత్రమైతే సముద్రం మీంచి గాలి లేస్తుంది, తెరిచిన గదిలో గొట్టం ఊగుతుంది. రెండోది, తూర్పున రొయ్యల చెరువులు. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల దగ్గర రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. డోమ్‌లో నిలబడితే చీలికలోంచి కనిపించే ఆకాశం తప్ప పక్క వెలుగేదీ కంట్లో పడదు.

పునాది గురించి మేస్త్రీతో కాస్త వాదన జరిగింది. మాది నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత బీటలు, వానొస్తే ఉబ్బు. గరుసు తగిలేదాకా తవ్వాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయనకు మింగుడుపడనిది స్తంభానికీ గదికీ వేర్వేరు పునాదులు అనే మాట. "ఒకే బేస్‌మెంటు మీద లేపితే గట్టిగా ఉంటది కదా టీచరమ్మా?" అన్నాడు. గట్టిగానే ఉంటుంది, కానీ గదిలో నేను అడుగేసిన ప్రతిసారీ ఆ అదురు స్తంభం ఎక్కుతుంది. రెండొందల రెట్లు పెంచి చూసేటప్పుడు ఆ అదురూ రెండొందల రెట్లు పెరుగుతుంది. చివరికి నీళ్లు నిండుగా పోసిన స్టీలు గ్లాసును నేల మీద పెట్టి, పక్కన నడిచి చూపించాను. ఆ తర్వాత గచ్చుకూ స్తంభానికీ మధ్య రెండు అంగుళాల థర్మోకోల్ ఆయనే దగ్గరుండి పెట్టించాడు, సిమెంటు ఎక్కడా అతుక్కోకుండా.

స్తంభానికి పది అంగుళాల పీవీసీ పైపు నిలబెట్టి, లోపల ఇనప చువ్వలు కట్టి కాంక్రీటు పోశాం. పైపు తీయలేదు, అదే తొడుగు. ఇక్కడ లావు విషయంలో పీనాసితనం పనికిరాదు. వంగకుండా నిలబడే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, ఐదు అంగుళాల స్తంభం కన్నా పది అంగుళాలది పదహారు రెట్లు గట్టిది. తలమీద చీమకుర్తి గెలాక్సీ రాయి పలక, ఓ ఫ్యాక్టరీ వెనక కుప్పలో పడున్న ముక్క. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. వ్యాపారంలో గ్రానైటు అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కన అది గాబ్రో. నేను దాన్ని తెచ్చింది చుక్కల కోసం కాదని చెబితే ఎవరూ నమ్మట్లేదు. ఉప్పుగాలికి ఇనప ప్లేటు తుప్పు పడుతుంది, రాయి పట్టదు. మద్రాసు అబ్జర్వేటరీకి 1792లో నిలబెట్టిన పదిహేనడుగుల రాతి స్తంభం, పది టన్నులది, నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాని మీద చెక్కిన శాసనం తెలుగులోనూ ఉంది. టెలిస్కోపుకు రాతికాలు మనకు కొత్తేమీ కాదు.

ఇక 15 డిగ్రీల సంగతి. ఆకాశం తిరిగే తీరులోనే టెలిస్కోపును తిప్పే మౌంట్‌ను ఈక్వటోరియల్ మౌంట్ అంటారు, దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉంటుందంటే ఆ ఊరి అక్షాంశం ఎంతో అంత. లండన్లో ఇరుసు సగానికి మించి పైకి లేచి ఉంటుంది, మన దగ్గర దాదాపు పడుకుంటుంది. పడుకున్న ఇరుసు ఉత్తరం వైపు ముందుకు పొడుచుకొస్తుంది. ఎదురు బరువుల కడ్డీ కిందికి దిగేటప్పుడు సరిగ్గా స్తంభం ఒంటికి తగులుతుంది. అందుకని రాతిపలకను స్తంభం అంచు దాటి ఉత్తరానికి అర అడుగు ముందుకు తెచ్చి, మౌంట్‌ను ఆ కొస మీద కూర్చోబెట్టాను. బరువంతా కొస మీద పడుతుంది కాబట్టి పలక మందంగా ఉండాలి, బోల్టులు స్తంభంలోకి లోతుగా దిగాలి.

మౌంట్‌లో టెలిస్కోపు తిరిగే రెండు ఇరుసులూ కలిసే బిందువు డోమ్ గోళానికి సరిగ్గా మధ్యలో ఉండాలి. లేకపోతే గొట్టం ఒకవైపు గోడకు తగులుతుంది, ఇంకోవైపు చీలికకు అందదు. నా మౌంట్‌లో అడుగు నుంచి ఆ బిందువుకు ఇరుసు వెంట 25 సెంటీమీటర్లు. దాన్ని అక్షాంశం కొసైన్‌తో గుణిస్తే మౌంట్‌ను మధ్య నుంచి దక్షిణానికి ఎంత జరపాలో వస్తుంది. 50 డిగ్రీల దగ్గరైతే 16 సెంటీమీటర్లు, మా దగ్గర 24. దానికి పలక ముందుకొచ్చిన అర అడుగూ కలుపుకోవాలి. కాబట్టి మా గదిలో స్తంభం మధ్యలో ఉండదు, బాగా దక్షిణానికి జరిగి ఉంటుంది. చూసినవాళ్లంతా మేస్త్రీ కొలత తప్పాడనుకుంటారు. ఆయనకిది కోపం తెప్పిస్తుంది.

గది ఎనిమిది పలకలది. మూలకో చిన్న పిల్లరు, మధ్యలో నాలుగున్నర అంగుళాల పల్చటి గోడ, పైన గుండ్రటి కాంక్రీటు బీము. గోడ ఎత్తు ఐదడుగులే. దక్షిణాన కిందికి చూడాలని అలా ఉంచాను. 15 డిగ్రీల మీద ఉండటంలోని లాభం అదే మరి. అగస్త్య నక్షత్రం 22 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఒమెగా సెంటారి అనే మహా తారాగుచ్ఛం 27 డిగ్రీల దాకా లేస్తుంది. త్రిశంకు నక్షత్రమండలం కూడా వేసవి రాత్రుల్లో దిగంతం మీద నిలబడుతుంది. లండన్ ప్లాను వేసినాయనకు ఇవేవీ జన్మలో కనిపించవు, అందుకే ఆయన చీలికను దిగంతానికి చాలా పైన మొదలుపెట్టాడు. నేను చీలికను డోమ్ అడుగు వలయం దగ్గర్నుంచే మొదలుపెట్టి, కింది రెండడుగులకు విడిగా కీళ్ల తలుపు పెట్టించాను.

డోమ్ ఎవరు చేస్తారన్నది చాలాకాలం తేలలేదు. పది అడుగుల, అంటే మూడు మీటర్ల, వ్యాసానికి రేకుతో చేద్దామంటే ఉప్పుగాలి, పగటి వేడి. సిమెంటైతే తిరగదు. ఓరోజు రామాయపట్నం వైపు వెళ్తుంటే తీరం పక్క పాలెంలో ఫైబర్ పడవలు బోర్లించి మరమ్మతు చేస్తున్నారు. 2004 సునామీ తర్వాత మన తీరం వెంట చెక్క తెప్పలు తగ్గి ఈ ఫైబర్ పడవలు బాగా వచ్చాయి. వాటిని చేసేవాళ్లకు గుండ్రం, వంపు, ఉప్పునీళ్లు, కెరటం దెబ్బ, అన్నీ రోజూ చూసే సంగతులే. నా కాగితం చూపించాను. పనాయన పెద్దాయన, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇన్ని ఎముకలు దేనికమ్మా? అంచు లోపలికి మడిస్తే అదే బలం" అన్నాడు. ప్లైవుడ్డు పక్కటెముకలు ఆ ఒక్క మాటతో ఎగిరిపోయాయి.

అర్ధగోళాన్ని బత్తాయి తొనల్లా పన్నెండు ముక్కలు చేశాం. అన్నీ ఒకటే కొలత కాబట్టి అచ్చు ఒకటి చాలు. లెక్క తేలికే: అడుగున చుట్టుకొలత 9.42 మీటర్లు, పన్నెండో వంతు 78.5 సెంటీమీటర్లు. పైకి వెళ్లేకొద్దీ వెడల్పు కోణం కొసైన్ ప్రకారం తగ్గుతుంది. 30 డిగ్రీల ఎత్తు దగ్గర 68, 60 దగ్గర 39, శిఖరం దగ్గర సున్నా. అడుగు నుంచి శిఖరం దాకా వంపు పొడవు 2.36 మీటర్లు. ఈ అంకెలు తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చి తొన ఆకారం అట్ట మీద గీయించాను, ఏడాదంతా చెప్పినా ఎక్కని కొసైన్ ఆ పూట ఎక్కింది. అచ్చు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది. మీటరున్నర పొడవు కర్రకు ఒక కొస మేకు కొట్టి రెండో కొసతో వంపు దువ్వాడు పెద్దాయన.

అచ్చు మీద మైనం, దాని మీద తెల్లటి జెల్‌కోటు (బయటికి కనపడే నున్నటి రెజిన్ పొర), ఆపైన చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ మూడు పొరలు. ప్రతి పొర మీదా రెజిన్ పోసి, గాలిబుడగ లేకుండా రోలరుతో నొక్కడం. రెజిన్లో హార్డ్‌నర్ నూటికి ఒకటి రెండు పాళ్లు కలపాలని డబ్బా మీద ఉంటుంది. ఆయన సీసా మూతతో కొలిచి, ఆకాశం వైపు చూసి, కొంచెం ఒలకబోసేవాడు. ఎండ ముదిరితే అదే పాలుకు రెజిన్ బక్కెట్లోనే గడ్డకట్టి పొగలొస్తుంది. అందుకే తెల్లారుజామున మొదలెట్టి ఎండెక్కేలోపు ఆపేవాళ్లు. నీడ కోసం అచ్చును బ్యారన్లోకి చేర్చాం. చాలా ఏళ్ల తర్వాత దాని తలుపు రోజూ తెరుచుకుంది. నాన్న కుర్చీ వేసుక్కూర్చుని, పొగాకు పంట నాడు మంట ఎవరు ఎలా కాచేవాళ్లో పడవ మనుషులకు చెప్పేవాడు. వాళ్లు పని ఆపి మరీ వినేవాళ్లు, అది వేరే నష్టం.

తొన రెండు అంచులూ లోపలికి రెండు అంగుళాలు మడిచి ఉంటాయి. మడతకు మడత ఆనించి, మధ్యలో సీలెంట్ పూసి, స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించాం. బోల్టుల దగ్గర 316 రకం అడిగి తీసుకోండి. 304 రకం సముద్రం దగ్గర గోధుమ మచ్చలు తిరుగుతుంది. జెల్‌కోటు తెలుపు తప్ప వేరే రంగు వద్దు. మొత్తం ఫైబర్ బరువు డెబ్బై కిలోల లోపే.

వలయం ఇనప ఎల్ యాంగిల్‌ది. లేత్ షాపులో రోలింగ్ మెషీన్ మీద వంచారు. ఇరవై అడుగుల కమ్మీలు దొరుకుతాయి, చుట్టుకొలతేమో ముప్పై ఒక్క అడుగులు, కాబట్టి రెండు అర్ధవృత్తాలుగా చేసి బోల్టులతో కలిపాం. వెల్డింగ్ వేడికి వలయం గుండ్రం పోతుంది, ఆ జాగ్రత్త వాళ్లకు మనం చెప్పాలి. ఒకేచోట వరసగా వెల్డింగ్ చేయకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా పెట్టమని కూర్చున్నాను. తర్వాత గాల్వనైజింగ్ చేయించాం. ఎనిమిది చక్రాలను గోడ మీదే పైకి చూసేలా బిగించాను, వలయం వాటి మీద దొర్లుతుంది. పక్కకు పోకుండా ఇంకో ఎనిమిది అడ్డ చక్రాలు. రబ్బరు చక్రాలు వద్దు, నెలల తరబడి ఒకేచోట బరువు మోస్తే అక్కడ చప్పిడి పడి, తిప్పినప్పుడు డకడకలాడతాయి. పాలియురెథేన్‌వి చెన్నై నుంచి తెప్పించాం.

డోమ్‌ను గోడ మీదికి ఎక్కించడానికి క్రేన్ అడిగితే చెప్పిన బాడుగకు ఇంకో డోమ్ రెజిన్ వస్తుంది. సరివి కర్రలు అడుగున తోసి ఊళ్లో మగవాళ్లే ఎత్తారు. "ఏంది టీచరమ్మా, ట్యాంకుకు మూతా?" అని ఒకాయన. చక్రాల మీద పెట్టి చేత్తో తోస్తే తిరిగేసరికి పిల్లలకు ఆరోజు అదే ఆట.

చీలిక కోయడం ఈ పనంతటిలో నాకు ఇష్టమైన భాగం. చీలిక వెడల్పు రెండున్నర అడుగులు, కింద నుంచి పైదాకా ఒకటే వెడల్పు. తొనలు మాత్రం పైకి సన్నబడతాయి, అంటే చీలిక గీతలు తొనల అతుకుల్ని ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. గుండ్రటి ఒంటి మీద రెండు సమాంతర గీతలు గీయడం దారంతో కుదరలేదు, దారం జారిపోతుంది. టైల్స్ వేసే కుర్రాడు తన లేజర్ లెవెల్ తెచ్చాడు. అది నిలువుగా ఒక వెలుగు పలకను పరుస్తుంది. పొద్దుగూకాక దాన్ని ఆన్ చేస్తే డోమ్ మీద ఆకుపచ్చ గీత శిఖరం దాటి అవతలికి పాకింది. లేజర్‌ను రెండున్నర అడుగులు పక్కకు జరిపి రెండో గీత. పెన్సిలుతో వెంటపడి గీసేశాం. ముందుగా గీతలకు లోపలివైపు రెండు ఫైబర్ కమానులు అతికించి, గట్టిపడ్డాకే కోత. కమానులు లేకుండా కోస్తే డోమ్ విచ్చుకుపోతుంది.

చీలిక శిఖరం దాటి ఎంత పోవాలన్న దగ్గర మళ్లీ అక్షాంశం వస్తుంది. నడినెత్తి మీద కొంచెం మేర కనపడకపోయినా లండన్లో నష్టం లేదు, అక్కడ గ్రహాలు నడినెత్తికి రానే రావు. మాకు మే మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి సూర్యుడే సరిగ్గా నెత్తిన నిలబడతాడు, నీడ కాళ్ల కిందికి పోతుంది. గ్రహాలూ ఆ దారివే. 2025 చివర్లో గురుడు మిథునంలో ఉన్నప్పుడు నడినెత్తికి ఆరేడు డిగ్రీల ఉత్తరంగా దాటాడు. కృత్తికలు తొమ్మిది డిగ్రీల ఉత్తరంగా పోతాయి. అంటే చూడదగ్గవన్నీ మంచి ఎత్తుకొచ్చే వేళకు సరిగ్గా డోమ్ శిఖరం దగ్గరే ఉంటాయి. అందుకని చీలికను శిఖరం దాటి రెండడుగులు వెనక్కి తీసుకెళ్లాను. ఇంకో చిక్కు: ఈ రకం మౌంట్‌లో గొట్టం ఇరుసుకు ఒక పక్కన, జానెడున్నర దూరంలో ఉంటుంది. టెలిస్కోపు దక్షిణం చూస్తోంది కదా అని చీలికనూ సరిగ్గా దక్షిణానికి తిప్పితే గొట్టం సగం డోమ్‌నే చూస్తుంది. గొట్టం ఏ పక్కనుంటే ఆ పక్కకు కొంచెం ఎక్కువ తిప్పాలి. కొన్నాళ్లకు చేతికి అలవాటవుతుంది.

ధ్రువ నక్షత్రంతో మౌంట్ సరిచేయడం మా దగ్గర ఓ పట్టాన సాగదు. పదిహేను డిగ్రీల ఎత్తున, మసకలో, అదీ ఒంగోలు వెలుగు మీద. కాబట్టి నక్షత్రాల జారుడు చూసి సరిచేశాను. దక్షిణాన ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గరున్న నక్షత్రాన్ని గీతలున్న ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టే కటకంలో, పెట్టి వదిలేయాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువ తిరిగినట్టు, ఉత్తరానికి జారితే పడమరకు. తర్వాత తూర్పున కిందనున్న నక్షత్రం. అది దక్షిణానికి జారితే ఇరుసు కిందికి వంగినట్టు, ఉత్తరానికైతే పైకి లేచినట్టు. ఓపికుంటే ఒక రాత్రి పని. స్తంభం కదలదు కాబట్టి మళ్లీ చేయనక్కర్లేదు.

మా వైపు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాన్లూ అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేముందు మా తీరం వెంటే పాకింది. గంటకు వంద కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద 47 కిలోల దాకా నొక్కుతుంది. డోమ్ అడుగు వైశాల్యం ఏడు చదరపు మీటర్లు, వలయం, చీలికను మూసే షట్టర్లు కలుపుకున్నా దాని బరువు ఆ గాలి ఎత్తే శక్తికి చాలదు. అందుకే వలయానికి ఎనిమిదిచోట్ల కొక్కేలు పెట్టి, లారీల మీద సరుకు బిగించే రాచెట్ బెల్టులతో గోడకు కట్టాను. షట్టర్ రబ్బర్లు అప్పటికింకా పెట్టలేదు కాబట్టి టెలిస్కోపు ఇంట్లోనే ఉంది. తెల్లారి చూస్తే నేల తడిసింది, డోమ్ కదల్లేదు. వాన పైనుంచి పడితే ఏ డోమైనా ఆపుతుంది. తుఫాను వాన అడ్డంగా వచ్చి, గోడకు కొట్టుకుని పైకి ఎగబాకుతుంది. కాబట్టి డోమ్ అంచు గోడ కన్నా నాలుగంగుళాలు కిందికి దిగాలి, లోపల బ్రష్ పట్టీ ఉండాలి.

రోజువారీ శత్రువు తేమ. అద్దం మీది అల్యూమినియం పూతకు ఉప్పుతేమ మంచిది కాదు. అద్దానికి గట్టి మూత, మూతలో సిలికాజెల్, గొట్టం పక్కన పాతకాలం ఫిలమెంటు బల్బు ఒకటి పగలూ రాత్రీ. గదిని రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచితే మంచు పట్టదు. చూసే రోజు మాత్రం బల్బు ఆర్పి, పొద్దు వాలగానే చీలిక తెరిచి, కింద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గంట వదిలేస్తాను. రోహిణి కార్తెలో ఎంత వదిలినా గది చల్లబడదు, అప్పుడు చంద్రుణ్ణి చూసి ఊరుకోవడమే. జనవరి నుంచి మార్చి దాకా బాగుంటుంది. కందిరీగలు చక్రాల సందుల్లో గూళ్లు పెడతాయి, డోమ్ తిప్పేముందు టార్చి వేసి చూడాలి.

రొయ్యల చెరువు రైతుతో మాట్లాడటానికి నాన్న వచ్చాడు. లైట్లు ఆర్పమనలేదు, ఆర్పితే కాపలా ఎలా? లైటుకు పైనా పక్కలా రేకు టోపీ పెడితే వెలుగంతా నీళ్ల మీదే పడుతుందని చెప్పాం. రేకులు మావే, బిగించింది మా వెల్డింగ్ కుర్రాడే. చెరువు ఇంకా బాగా కనపడుతోందని ఆ పక్క చెరువాయనా అడిగి పెట్టించుకున్నాడు. తూర్పు ఆకాశం కొంచెం నల్లబడింది.

టెలిస్కోపు కాకుండా గదికీ డోమ్‌కూ కలిపి రెండు లక్షలకు అటూ ఇటూ అయింది. ఎక్కువ పోయింది రెజిన్‌కూ స్టెయిన్‌లెస్ బోల్టులకూ. డోమ్‌ను ప్రస్తుతం చేత్తోనే తిప్పుతున్నాను. చీలిక వెడల్పుకు గంటకోసారి తోస్తే సరిపోతుంది గానీ, కెమెరా పెట్టి వదిలేయాలంటే మోటారు తప్పదు. లారీ వైపర్ మోటారు ఒకటి సంపాదించాను, వలయానికి పళ్ల పట్టీ లేత్ షాపులో చెప్పి ఉంచాను. వేసవి సెలవుల్లో ఆ పని.